ఐదో అంతస్తులో పెరడు

తెల్లవారుజామున అయిదింటికే ఆవిడకి మెలకువ వచ్చేస్తుంది. యాభై ఏళ్ల అలవాటు. లేవగానే తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లడం, నూతి గట్టు పక్కన అరటి గెల ఎంతకొచ్చిందో చూడడం, మందారం కింద రాలిన ఆకులు ఊడవడం, గోడవార బచ్చలి పాదుకి చెంబెడు నీళ్లు పోయడం... ఇవన్నీ అయితేనే తెల్లారినట్టు. ఇప్పుడూ లేస్తుంది. తలుపూ తీస్తుంది. ఎదురుగా ఎదుటి ఫ్లాటు తలుపు. పక్కన లిఫ్టు. ఆ పక్కన చెప్పుల స్టాండు. కాసేపు నిలబడి మళ్లీ తలుపేసుకుంటుంది!

కోనసీమలోని ఊరు వదిలి, హైదరాబాద్ కూకట్‌పల్లిలోని కొడుకు ఫ్లాటుకి వచ్చిన కొత్తలో ఆ పెద్దావిడ దినచర్య అది. భర్త పోయాక ఊళ్లో ఒక్కతే ఎందుకని ఇల్లు అమ్మేసి తీసుకొచ్చారు. కోడలు మంచిది. మనవడు 'మామ్మా' అంటూ చుట్టూ తిరుగుతాడు. దేనికీ లోటు లేదు. అయినా రోజురోజుకీ తిండి తగ్గింది, మాట తగ్గింది. డాక్టరుకి చూపిస్తే పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నాడు. ''మీ ఇంట్లో నాకేం తక్కువ నాన్నా!'' అనేది కొడుకుతో. ఆ 'మీ ఇంట్లో' అన్న మాటే అతనికి ముల్లులా గుచ్చుకునేది.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతే కాదు. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో... ఏ అపార్ట్‌మెంటు గంట కొట్టినా లోపల ఇలాంటి అమ్మో నాన్నో ఉంటారు. చిక్కుడు చెట్టుకి కాస్తుందో పాదుకి కాస్తుందో తెలియని పిల్లలూ ఉంటారు. వాళ్లిద్దరికీ మధ్యన పరుగులు పెట్టే భార్యాభర్తలూ ఉంటారు. పెరడు అందరికీ కావాలి. ఉన్నదేమో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బాల్కనీ!

పది మొక్కలు... రెండు నెలలు

ఓ ఆదివారం కొడుకు రోడ్డు పక్క నర్సరీకి వెళ్లి పది మొక్కలు తెచ్చాడు. రెండు గులాబీలు, మూడు క్రోటన్లు, ఒక అరెకా పామ్, చామంతి, తులసి, మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు. పామ్ సోఫా పక్కన చేరింది. గులాబీలు పడమటివైపు వాష్ ఏరియాలో ఏసీ యంత్రం ముందు కూర్చున్నాయి. తులసి ఉత్తరపు కిటికీ దగ్గర. అందరూ ప్రేమగా పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు నీళ్లు పోశారు. రెండు నెలలు తిరిగేసరికి మిగిలినవి రెండే... మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు!

ఫ్లాట్లలో మొక్కలు పెంచేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే మొదటి అనుభవం ఇదే. 'మన చెయ్యి మంచిది కాద'ని సరిపెట్టుకుంటారు. చెయ్యి తప్పు కాదు, చూపు తప్పు. మొక్క కొనేముందు చూడాల్సింది మొక్కని కాదు, ఇంటిని. ఏ కిటికీలోకి ఎండ ఎప్పుడొస్తుంది, ఎన్ని గంటలుంటుంది, ఎటు పోతుంది... ఒక్కరోజు గంటగంటకీ గమనిస్తే చాలు, సగం సమాధానం దొరికినట్టే.

తూర్పు బాల్కనీకి ఉదయపు లేత ఎండ. ఆకుకూరలు, పుదీనా, కరివేపాకు, తులసి, మల్లె అక్కడ హాయిగా బతుకుతాయి. పడమర మధ్యాహ్నపు మంట. కాగితం పూలు, కలబంద, ఎడారి మొక్కలు తట్టుకుంటాయి గానీ లేత మొక్కలు మాడిపోతాయి. దక్షిణానికి చలికాలమంతా ఎండే. ఉత్తరాన వెలుతురే తప్ప ఎండ తక్కువ కాబట్టి స్నేక్ ప్లాంటు, మనీప్లాంటు, నీడని ఇష్టపడే తమలపాకు తీగ అక్కడికి నప్పుతాయి. సూర్యుడు కూడా ఏడాది పొడవునా ఒకే దారిలో నడవడు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు వస్తువుకి నీడే పడదు! ఆ రెండు తేదీల మధ్య కాస్త ఉత్తరానికి, మిగతా ఏడాదంతా దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. అందుకే డిసెంబరులో ఎండ పడ్డ మూల జూన్‌లో నీడగా ఉంటుంది. కుండీలు కూడా రుతువుని బట్టి కాస్త జరగాలి.

నీళ్ల సంగతీ అంతే. కుండీలో మొక్కలు ఎండి చచ్చేకన్నా ఎక్కువ నీళ్లతో వేరు కుళ్లి చచ్చేవే ఎక్కువ. మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా గుచ్చితే తడి తగిలిందా... ఆ రోజుకి నీళ్లు అక్కర్లేదు.

కడియం నుంచి కూకట్‌పల్లికి

మొక్కలు చచ్చిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తెలియాలంటే ఓసారి గోదావరి ఒడ్డుకి వెళ్లాలి.

రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్లే దారిలో ధవళేశ్వరం దాటగానే రోడ్డుకి రెండు వైపులా రంగులు మొదలవుతాయి. కడియపులంక, వేమగిరి... కడియం మండలంలో ఏ ఊరు చూసినా నర్సరీలే. వరసలు వరసలుగా నల్ల ప్లాస్టిక్ సంచుల్లో లక్షల మొక్కలు. ఒకచోట అంటు కడుతుంటారు, మరోచోట లారీకి ఎత్తుతుంటారు. కడియపులంక పూల మార్కెట్లో తెల్లారకముందే బంతి, చామంతి గుట్టలు పోస్తారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని కాల్వల్లో పారే నీళ్లు, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, సముద్రం వైపు నుంచి వీచే తేమగాలి... మొక్క పుట్టడానికి అంతకన్నా మంచి పురిటిల్లు ఉండదు. హైదరాబాద్ రోడ్ల పక్క నర్సరీల్లో కనిపించే మొక్కల్లో ఎన్నో అక్కడి నుంచి లారీల్లో వచ్చినవే.

అవి దిగేది ఎక్కడ? దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో, రాతి నేల మీద కట్టిన నగరంలో. ఇక్కడి గాలి పొడి. వేసవిలో మరీ పొడి. నీడలో, తేమలో పెరిగిన మొక్కని తెచ్చి ఆ సాయంత్రమే ఏసీ వేడిగాలి ముందు పెడితే తట్టుకోగలదా? మొక్క వెంట వచ్చిన ఒండ్రుమట్టి ముద్ద కూడా ఎండితే రాయిలా గట్టిపడి నీటిని లోపలికి పోనివ్వదు. అందుకే తెలిసినవాళ్లు కొత్త మొక్కని వారం పదిరోజులు నీడపట్టున ఉంచి, వాతావరణం అలవాటయ్యాక మెల్లగా ఎండలోకి జరుపుతారు. తర్వాత ఆ మట్టి ముద్దని పక్కల కాస్త వదులుచేసి కుండీ మారుస్తారు.

ఆ నర్సరీల్ని బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూసిన మనిషే ఆ పెద్దావిడ. చచ్చిపోయిన గులాబీని పీకి అవతల పెడుతున్న కొడుకుతో ఓ మాటంది. ''పుట్టిన మట్టి వదిలొచ్చాక నిలదొక్కుకోడానికి టైము పట్టదేంట్రా?'' అతనేమీ మాట్లాడలేదు. ఆవిడ అన్నది గులాబీ గురించే!

వంటింట్లో విత్తనాలు

అసలు పెరడు మొదలైంది నర్సరీలో కాదు, పోపుల పెట్టెలో.

ఓ రోజు మెంతులు బాగుచేస్తూ గుప్పెడు పక్కకి తీసి నీళ్లలో నానేసింది. పగిలిపోయిన ప్లాస్టిక్ టబ్బు అడుగున మనవడి చేత నాలుగు చిల్లులు పెట్టించింది. గులాబీ కుండీలోని మట్టి అందులో పోసి, నానిన మెంతులు చల్లింది. మూడో రోజుకి మొలకలు. నెల తిరక్కుండా పప్పులోకి మెంతికూర. బడి నుంచి వచ్చిన మనవడు స్కూలు బ్యాగు దించకుండానే టబ్బు దగ్గరికి పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ధనియాలు. ఆ తర్వాత కూకట్‌పల్లి రైతుబజార్లో కొన్న పుదీనా కట్టలోంచి ముదురు కాడలు. తర్వాత బచ్చలి కాడ. కొనకుండానే బాల్కనీ నిండసాగింది.

కుండీలు పెరిగేకొద్దీ మట్టి కావాలి. అయితే మట్టి బరువు. రెండు చిన్న బకెట్ల మట్టి పట్టే కుండీని తడిపితే ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. అలాంటివి బాల్కనీ చివర వరసగా పెట్టకూడదు. బరువైనవి లోపలి గోడవార ఉండాలి. మట్టి, కొబ్బరి పొట్టు, కంపోస్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే బరువు తగ్గుతుంది, తడి నిలుస్తుంది, గాలి ఆడుతుంది. కొడుకు ఇటుకలా అచ్చుపోసిన కొబ్బరి పొట్టు కొనుక్కొస్తే ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. ''మనూళ్లో పీచుమిల్లు పక్కన గుట్టలుగా పడుండేది. దీన్ని కూడా డబ్బులిచ్చి కొంటున్నారా!''

కంపోస్టుకి మాత్రం కొనేదేమీ లేదు. మూతున్న పాత మట్టికుండకి పక్కల చిల్లులు పెట్టి, అడుగున ఎండుటాకులు పరిచి, కూరగాయల తొక్కులు, వాడిన టీపొడి, పూజలో వాడిన పూలు వేసి, ప్రతిసారీ పైన మళ్లీ గుప్పెడు ఎండుటాకులు కప్పితే వాసన రాదు. అన్నం, నూనె కూరలు మాత్రం వేయకూడదు. రెండు మూడు నెలలకి నల్లటి, పొడిపొడిలాడే ఎరువు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఊడ్చి పోగేసే కానుగాకులు అప్పటిదాకా చెత్తే. ఇప్పుడు ఐదో అంతస్తు మామ్మగారికి వారానికో సంచి లెక్కన వెళ్తున్నాయి.

ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకున్నదీ అప్పుడే. వరంగల్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలు పుదీనా చూసి ''మాకూ రెండు పుల్లలియ్యుండ్రి పెద్దమ్మా'' అంది. బదులుగా బతుకమ్మ కోసం దాచుకున్న సీతజడ విత్తనాలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చిచ్చింది. ఆ దసరాకి రెండు బాల్కనీల్లోనూ ఎర్రటి సీతజడలే! మూడేళ్లుగా నవ్వుకోవడం తప్ప మాట్లాడుకోని రెండిళ్ల మధ్య గిన్నెలు అటూ ఇటూ తిరగడం మొదలయ్యింది.

ఆకు తిన్న అతిథి

వానలకి ముందు తెచ్చి నాటిన కరివేపాకు మొక్క ఒకటి బాగా చిగురించింది. ఓ ఉదయం చూస్తే చిగుళ్లు సగం లేవు. ఆకు మీద పిట్ట రెట్టలాంటిదేదో అంటుకుని ఉంది. తుడవబోతే కదిలింది! పురుగు. వారం తిరిగేసరికి అది పచ్చగా, వేలెడంత అయ్యింది. ముట్టుకుంటే తల దగ్గర్నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటైన వాసన వదిలింది. మనవడు భయంతో ఎగిరి గంతేశాడు. కోడలు పురుగుమందు తేవడానికి బయల్దేరింది. ఎంత ముచ్చటపడి పెంచుకున్న మొక్క అది!

''ఆగమ్మా, నాలుగు రోజులు చూద్దాం. ఆకులు పోతే మళ్లీ వస్తాయి'' అంది అత్తగారు.

ఇంట్లో చిన్న తగవే అయింది. చివరికి మనవడు తీర్పు చెప్పాడు... రెండు కొమ్మలు దానికి, మిగతావి అమ్మకి. కొన్నాళ్లకి పురుగు ఓ పుల్లకి సన్నటి దారంతో నడుం కట్టుకుని గూడైపోయింది. పిల్లాడు రోజూ పళ్లు తోముకుంటూ దాని ముందే నిలబడేవాడు. పదో రోజు పొద్దున గూడు చిట్లి, తడిరెక్కలతో నల్లటి సీతాకోకచిలుక బయటికి వచ్చింది. వెనక రెక్కల మీద తెల్లటి చుక్కల వరస. గంటసేపు రెక్కలు ఆరబెట్టుకుని కానుగ చెట్ల మీదుగా వెళ్లిపోయింది. కరివేపాకు, నిమ్మ జాతుల మీదే గుడ్లు పెట్టి బతికే సీతాకోకచిలుక అది. బాల్కనీలో కరివేపాకు ఉందంటే ఎన్ని అంతస్తులైనా వెతుక్కుంటూ వస్తుంది.

ఫ్లాటులోకి ప్రకృతిని తేవడమంటే చాలామంది అనుకునేది ఆకుపచ్చటి అలంకరణ. సోఫాకి నప్పే మొక్క, గోడకి నప్పే కుండీ. కానీ ప్రకృతి వస్తే ఒంటరిగా రాదు. పురుగుతో వస్తుంది, పిట్టతో వస్తుంది, చీమతో వస్తుంది. వాటి వాటా అడుగుతుంది. పూర్వం పల్లెల్లో బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమల వాటా ముంగిట్లోనే ఉండేది. కోతలయ్యాక చూరుకి వేలాడదీసిన ధాన్యపు కుచ్చు పిచ్చుకల వాటా. ఆ వాటా ఇవ్వడానికి సిద్ధపడితేనే పెరడు. లేకపోతే అది కుండీల షోరూమే!

అలాగని అందరినీ ఆహ్వానించాలనీ కాదు. పావురాల సంగతే తీసుకుంటే, గింజలు చల్లి వాటిని చేరదీస్తే బాల్కనీ రెట్టలమయమవుతుంది. ఎండిన రెట్టల ధూళి ఊపిరితిత్తులకి హాని చేస్తుందని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఈ ఇంట్లో వాష్ ఏరియాకి వల కట్టించారు. తూర్పు బాల్కనీలో మాత్రం ధాన్యపు కుచ్చు వేలాడదీశారు. గాలికి ఊగే కుచ్చు మీద లావుపాటి పావురం నిలవలేదు, పిచ్చుక నిలుస్తుంది. కింద రాలిన గింజల్ని మాత్రం సాయంత్రమే ఊడ్చేయాలి. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి. వారం పదిరోజుల్లోనే అవి దోమలై ఎగురుతాయి కాబట్టి వారానికోసారి పళ్లేలన్నీ బోర్లించి ఆరబెట్టాల్సిందే. పిట్టగోడ మీద కుండీ పెట్టడం మాత్రం ఎంత అందంగా ఉన్నా చెయ్యకూడని పని. ఈదురుగాలికి అది పడేది కింద ఆడుకునే పిల్లల మీదే.

గాలి శుభ్రమవుతుందా?

'ఈ మొక్క ఇంట్లో ఉంటే గాలంతా శుభ్రం' అని నర్సరీల్లో చెబుతుంటారు. ఈ మాటకి మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన ప్రయోగం. మూసిన చిన్న పెట్టెల్లో మొక్కలుంచితే కొన్ని రసాయనాలు తగ్గాయని అందులో తేలింది. ఇల్లు పెట్టె కాదు కదా! అలాంటి ప్రయోగాల్ని 2019లో తిరిగి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, మామూలుగా గాలి ఆడే ఇంట్లో అంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని లెక్కగట్టారు. అంతకన్నా కిటికీ తెరవడం నయం.

మరి మొక్కల వల్ల ప్రయోజనమేమిటి? 1984లో 'సైన్స్' పత్రికలో రోజర్ ఉల్‌రిక్ అనే పరిశోధకుడు ఓ ఆసక్తికరమైన సంగతి రాశాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారి రికార్డుల్ని ఆయన పరిశీలించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు 23 మంది. ఇటుక గోడ మాత్రమే కనిపించే గదుల్లో ఉన్నవారు 23 మంది. చెట్లు చూసినవాళ్లు త్వరగా ఇంటికెళ్లారు. వాళ్లకి ఘాటైన నొప్పి మందుల అవసరమూ తక్కువే పడింది. మొక్క గాలిని మార్చకపోవచ్చు. చూసే మనిషిని మారుస్తుంది.

బాల్కనీ కూడా లేని ఫ్లాట్లున్నాయి. వాటికి కిటికీ అవతలి చెట్టే పెరడు. ఉగాది పచ్చడికి వేపపూత ఏ వీధిలో దొరుకుతుందో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గులాబీరంగు తబేబుయా ఎక్కడ విరగబూస్తుందో, ఎండాకాలంలో తురాయి ఎప్పుడు ఎర్రబడుతుందో, అక్టోబరు రాత్రుల్లో ఏడాకుల పాల వాసన ఏ మలుపులో గుప్పుమంటుందో పిల్లల చేత గోడ క్యాలెండర్లో రాయిస్తే ఏడాదికి అదో చక్కని పాఠం. కూకట్‌పల్లి, మియాపూర్ వాసులకి అమీన్‌పూర్ చెరువు దగ్గరే. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన ఆ చెరువుకి చలికాలంలో వలస పక్షులొస్తాయి. నగరం నడిబొడ్డున, 1998లో జాతీయ ఉద్యానవనమైన కేబీఆర్ పార్కులో నెమలి కూత వినొచ్చు. చూడాలనుకుంటే ఏదో ఒకటి దగ్గర్లోనే ఉంటుంది.

మందారం కొమ్మ

సంక్రాంతికి అందరూ కోనసీమ వెళ్లారు, ఆవిడ తమ్ముడి ఇంటికి. భోగి మర్నాడు తన పాత ఇల్లు చూసొస్తానంది. కొడుకు వద్దన్నా వినలేదు. కొన్నవాళ్లు మర్యాదగా లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. పెరటి తలుపు తీసేసరికి... నుయ్యి లేదు, పూడ్చేశారు. అరటిచెట్లు లేవు. బురద అవుతోందని పెరడంతా సిమెంటు చేయించారు. గోడమూల మందారం ఒక్కటే మిగిలింది.

ఆవిడ ఏడుస్తుందేమోనని కొడుకు కంగారుపడ్డాడు. ఏడవలేదు. ''ఒక్క కొమ్మ తుంచుకోనా తల్లీ'' అని అడిగి, ముదురు కొమ్మ ఒకటి కోసి, తడిగుడ్డ చుట్టి సంచిలో పెట్టుకుంది.

మూడు రోజులు ఉందామనుకున్నవాళ్లు రెండో రోజు సాయంత్రమే కదలాల్సి వచ్చింది. తొందరపెట్టింది ఆవిడే. ఎదురింటమ్మాయి నీళ్లు సరిగ్గా పోస్తుందో లేదో, పుదీనా ఎండిపోయిందేమో, ధాన్యపు కుచ్చు అయిపోయుంటుంది... ఒకటే గొడవ. తమ్ముడు నవ్వుతూ ''ఇంకో నాలుగు రోజులుండవే అక్కా, నీ ఊరే కదా'' అంటే సంచి భుజాన తగిలించుకుంటూ అంది.

''లేదురా. మళ్లీ వస్తాలే. ఈ కొమ్మ వాడిపోకముందే మా ఇంటికెళ్లి నాటుకోవాలి.''

ఆటో దగ్గర నిలబడ్డ కొడుకు ఆ మాట విన్నాడు. ఏమీ అనకుండా తల్లి చేతిలోని సంచి అందుకుని, కొమ్మ నలగకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.